వంగితేనే సరిపోయే బూటు

టంగ్‌మర్గ్‌లో మంచుబూటు గట్టిదా మెత్తదా తేల్చాలంటే దాని నెత్తిన సమావార్ పెడతారు. కడుపులో నిప్పులు, చుట్టూ ఉప్పు టీ, ఇద్దరు మోయాల్సినంత బరువున్న రాగి సమావార్. బూటు పైఅంచు మీద దాన్ని కుదురుగా నిలబెట్టి, చేతులు తీసేసి, దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూస్తారు. బూటు కుంగితే మెత్తది, కింది వాలులో యాత్రికులకు అద్దెకు పనికొస్తుంది. కుంగకపోతే గట్టిది, పెద్ద కొండకు పనికొస్తుంది. ఈ పరీక్ష ఎవరు కనిపెట్టారో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని నెత్తిన పెట్టుకు మోయడం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే.

ఆ రోజు తౌసీఫ్ దుకాణంలో రెండు జతలకు పరీక్ష జరిగింది. బూడిదరంగు బూటు మీద సమావార్ ఒక పక్కకు ఒరిగింది, టీ తివాచీ మీద పడింది, చూస్తున్నవాళ్ళు హాయిగా నవ్వుకున్నారు. నల్ల బూటు మీద మాత్రం మినార్‌లా నిలబడింది. చుక్క ఒలకలేదు.

"చూశావా!" తౌసీఫ్ చేతులు దులుపుకున్నాడు. "రాయి. రాయంటే రాయి. ఇంకేం ఆలోచించకు, నల్లది తీస్కో."

జబీనా ఆ బూటు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వంగి చూసింది. లేచి చూసింది.

"సమావార్ నిటారుగా కూచుంది కదా. నేను కొండమీద నిటారుగా కూచుంటానా?"

"మొదలెట్టింది మళ్ళీ."

"కాదు, చెప్పు. రోగిని కట్టిన మంచుబండి నన్ను వెనకనించి తోస్తది. నేను మడమల మీదకి ఒరిగి ఆపాలి. అప్పుడు నా పిక్క బూటుని వెనక్కి నెడుతుంది. బరువు పైనించి కాదుగా వచ్చేది?"

"ఒసే, నువ్వు పుట్టినప్పుడు నీ చెవిలో అజాన్ చెప్పారా, ప్రశ్న చెప్పారా?"

దుకాణమంతా మళ్ళీ నవ్వింది. తౌసీఫ్ ఆమెకు మేనమామ కొడుకు. ఎగతాళి చేసే హక్కు అతనికి పుట్టుకతో వచ్చింది, దాన్ని ఒక్క రోజు కూడా ఖాళీగా ఉంచలేదు. కానీ మనసు మంచిది. విదేశీయులు మోసుకెళ్ళలేక వదిలేసిపోయిన బూట్లలో మంచివి వస్తే ముందు ఆమెకే కబురు పెడతాడు.

"రెండూ ఇంటికి తీసుకుపోతా," అంది జబీనా. "మబ్బు విడిచేలోపు ఒకటి తిరిగిస్తా."

"బూడిదది నీకు పొట్టి. పైగా సమావార్ పారబోసింది. దాన్నెందుకు మోస్తావ్?"

"ఎందుకు పారబోసిందో తెలియొద్దా?"

సంగతి ఏమిటంటే, గుల్మర్గ్ పైశిఖరం అవతలి లోయల్లో ఎవరైనా పడితే, కాలు విరిగితే, వెళ్ళి మంచుబండిలో కట్టి తెచ్చే గైడ్ల దళం ఒకటి ఉంది. దళంలో అందరూ స్కీ మనుషులు. కాళ్ళకు రెండు కర్రలు వేసుకుని ముందుకు చూస్తూ దిగేవాళ్ళు. పలక మీద పక్కకు తిరిగి నిలబడి దిగే స్నోబోర్డు మనిషి ఆ దళంలో ఇంతవరకూ లేడు. జబీనా స్నోబోర్డు మనిషి. ఊళ్ళో పలక మీద ఆమెను మించినవాళ్ళు లేరని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, కింది వాలులో యాత్రికుల చేతులు పట్టుకుని నడిపించే పనికే పంపుతారు. ఏళ్ళ తరబడి "మోకాళ్ళు వంచండి, మోకాళ్ళు వంచండి" అని అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. కళ్ళు మాత్రం ఎప్పుడూ పైన, అఫర్వత్ శిఖరం మీదే.

ఈ ఏడు దళంలో ఒక చోటు ఖాళీ అయింది. జబీనా వెళ్ళి నాకివ్వండని అడిగింది. దళం పెద్ద సుభాన్ కాకా గడ్డం గోక్కున్నాడు.

"పలక మీద అడ్డంగా నిలబడే మనిషి బండి ముందు ఏం ఆగుద్ది పిల్లా? పైగా ఆ బూట్లు చూడు. బూట్లా అవి, పరుపు చుట్టలా?"

"గట్టి బూట్లు తెచ్చుకుంటా కాకా."

"తెచ్చుకో. తెచ్చుకున్నా నాకు అనుమానమే."

అక్కడున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎందుకంటే దళంలో ఒక పాత కట్టుబాటు ఉంది. కొత్త మనిషి మీద అనుమానం ఉందని నోరు జారినవాడే పరీక్ష రోజున బండిలో రోగిలా పడుకోవాలి. కొండమీద ఊరికే అనుమానాలు పంచిపెట్టే హక్కు ఎవరికీ లేదు. అనుమానించేవాడు ఆ అనుమానాన్ని తన ఒంటితో మోయాలి. ఇంత మంచి కట్టుబాటు మన సభల్లోనూ పంచాయితీల్లోనూ ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

సుభాన్ కాకా మాట వెనక్కి తీసుకునే రకం కాదు. "సరే, నేనే పడుకుంటా," అన్నాడు. "మబ్బు విడిచిన మొదటి రోజు. ఓడిపోతే ఈ చలికాలానికి ఇంక అడగొద్దు. ఇంకో మనిషిని తీసుకుంటా."

అందుకే రెండు జతలూ ఇంటికొచ్చాయి.

మంచు ఆగకుండా పడుతోంది. జబీనా ఒక్కో జతలోంచి ఒక్కో బూటు తీసి చూరుకు కట్టింది. చూరంతా మంచు ఊడలు వేలాడుతున్నాయి, వాటి నడుమ ఈ రెండు బూట్లు. తల్లి హాజిరా తలుపు తీసి చూసి అదిరిపడింది.

"ఏంటి కూరీ, ఏంటి బిడ్డా ఇది? దిష్టి తగలకుండానా?"

"దుకాణంలో బుఖారీ పొయ్యి మండుతా ఉంటది మోజీ. ఆ వెచ్చదనంలో ఏ బూటైనా మెత్తబడుద్ది. కొండమీద బుఖారీ ఉందా? చలిలో ఇవి ఎట్లా ఉంటాయో చూడాలి."

"మీ నాన్న కూడా ఇంతే. రేడియో ఎందుకు పాడుతుందో చూస్తానని విప్పాడు. అది మళ్ళీ పాడలే."

పొద్దున్నే జబీనా బూట్లు దించింది. ఒక్కోదాన్నీ పలక మీది పట్టీల్లో బిగించి, బూటు లోపల పాత క్రికెట్ బ్యాటు దిగ్గొట్టి, పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగింది. బ్యాటు అంటే కాలి ఎముక అనుకోండి. నల్ల బూటు వెనక్కి లాగితే కదల్లేదు, ముందుకు లాగినా కదల్లేదు. చలికి గడ్డకట్టి మొద్దయిపోయింది. ఇంకాస్త లాగితే బ్యాటే విరుగుతుంది. బూడిదరంగుది దుకాణంలో సమావార్‌ని పారబోసిన బూటేనా అన్నట్టు మారిపోయింది. వెనక్కి లాగితే గోడ. ముందుకు లాగితే మాత్రం కొంచెం వంగి, ఆగి, బ్యాటును మళ్ళీ తన చోటికి తోసేసింది. ఎంత వంచితే అంత బలంగా తోసింది.

జబీనాకు నవ్వొచ్చింది. ఆ పని మళ్ళీ మళ్ళీ చేసింది. గట్టిదనమంటే వంగకపోవడం అనుకుంటూ వచ్చారు ఊరంతా. వంగి మళ్ళీ లేవడం కూడా గట్టిదనమేనా? అసలు అదేనా గట్టిదనం?

కానీ బ్యాటు బ్యాటే, కాలు కాలే. కింది వాలుకు వెళ్ళి తొడిగి చూడాల్సిందే.

ముందు నల్లది. అది ఆమె కాలికి పెద్దది. పెద్దదే తీసుకోవడం ఊరి పద్ధతి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, లోపల తల్లి అల్లిన ఉన్నిమేజోళ్ళు రెండు జతలు పట్టాలి, అప్పుడే వేళ్ళు చల్లబడవు. ఈ పద్ధతి ఎలా వచ్చిందో ఆలోచిస్తే చాలా తేలిక. ఈ ఊరివాళ్ళు మొదట తొడిగిన బూట్లన్నీ వదిలేసిపోయిన విదేశీయులవి. పొడుగు కాళ్ళ మనుషులవి. ఎప్పుడూ పెద్దవే దొరికాయి, ఖాళీలో ఉన్ని కుక్కారు. కుక్కి కుక్కి, చివరికి అలా కుక్కడమే శాస్త్రమైపోయింది. దొరికిందాంతో సర్దుకున్న సంగతి మర్చిపోయి, ఎంచుకున్నామని చెప్పుకుంటారు జనం. నాకు వొళ్ళు మండేది అక్కడే.

జబీనాకు వొళ్ళు మండలేదు, ఆమెకు తెలుసుకోవాలని మాత్రమే ఉంది. ఒంటికి వెచ్చగా ఆనించుకునే నిప్పుల కుండ, కాంగ్రీలో మసి తీసి, తడిపి, మేజోడు మడమకు దట్టంగా పూసింది. బూటు బిగించి కొన్ని సార్లు దిగింది. మడమ అంచు మీద పలకను నిలబెట్టిన ప్రతిసారీ పాదం లోపల ఎక్కడో ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపించింది. కాలు చెప్పిన మాట పలకకు చేరేలోపు దారిలో ఎవడో ఆపి కబుర్లు చెబుతున్నట్టు. ఇంటికొచ్చి నల్లబూటు లోపల ఉండే మెత్తటి లోబూటును బయటికి లాగి చూసింది. మడమ దగ్గర మసి చుక్కలా లేదు. బెత్తెడు గీత. పాదం అంతా పైకీ కిందకీ జారుతోందన్నమాట.

బయట రాయి, లోపల నీళ్ళలో చేప. ఇక ఆ రాయి ఎవరికి?

తర్వాత బూడిదరంగుది. రెండు జతల మేజోళ్ళతో కాలు దూరనే లేదు. ఒక జతతో దూరింది కానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. జబీనా కాసేపు ఆలోచించి, ఉన్నిమేజోళ్ళు తీసేసి, పెళ్ళిళ్ళకు వేసుకునే పల్చటి మేజోళ్ళు వేసుకుంది. దిగింది. ఇంటికొచ్చి చూస్తే మడమ దగ్గర మసి చిన్న చుక్క. పావలా అంత. జబీనా వేలు పెడితే ఆ చుక్క మొత్తం దాని కింద దాగిపోయింది.

అయినా వేళ్ళు ముందు గోడకు తగులుతున్నాయి. అదొక్కటే తేలలేదు. పొట్టి బూటు పొట్టి బూటే కదా అని ఎవరైనా అక్కడితో వదిలేస్తారు. జబీనా ఆ బూట్లు తొడుక్కుని ఇంటిపనికి దిగింది. బూట్లతోనే హాక్ ఆకు కోసింది, బూట్లతోనే అన్నం వార్చింది. నడుస్తుంటే నేల దడదడలాడింది. పక్కింటివాళ్ళు గోడ తట్టి గుర్రాన్ని కొన్నారా అని అడిగారు.

సాయంత్రం తౌసీఫ్ వచ్చాడు. వంటింట్లో బూట్లతో తిరుగుతున్న మనిషిని చూసి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"అత్తా! నీ కూతురు వంకాయలు కూడా కొండ దిగుతా వేయిస్తుందా?"

"నువ్వైనా చెప్పు నాయనా," అంది హాజిరా. "నేనల్లిన మేజోళ్ళు పక్కన పారేసింది. ఆ దోమతెర లాంటివి వేసుకుంది. వేళ్ళు నల్లబడి రాలిపోతాయి."

"వేళ్ళు తగులుతున్నాయంటే పొట్టిదని అర్థం జబీనా. ఇందులో ఇంత పరిశోధన ఏముంది? నల్లది ఇచ్చేస్తే శుక్రవారం వచ్చే బృందానికి ఇచ్చేస్తా, మళ్ళీ అడగొద్దు."

జబీనా పొయ్యి దగ్గర కింద పడ్డ గరిటె తీద్దామని మోకాళ్ళు వంచింది. అలాగే ఆగిపోయింది. లేచింది. మళ్ళీ వంగింది.

"తౌసీఫ్."

"ఊఁ."

"వంగితే తగలట్లేదు."

"ఏంటి?"

"నిలబడితే వేళ్ళు తగులుతున్నాయి. మోకాళ్ళు వంచితే మడమ వెనక్కి పోయి కూచుంటోంది. వేళ్ళు ముందు గోడ వదిలేస్తున్నాయి. చూడు, చూడు!" ఆమె లేస్తూ వంగుతూ వంటింట్లో కప్పలా ఆడుతోంది. "మనమంతా నిలబడి కొలుస్తున్నాం. పలక మీద ఎవడు నిలబడతాడు? చెప్పులు నిలబడి కొలవాలి. ఇది వంగి కొలవాలి!"

తౌసీఫ్ తన కాలి బూటు వైపు చూసుకుని, ఎవరూ చూడట్లేదనుకుని, మోకాళ్ళు కొంచెం వంచి చూసుకున్నాడు.

నల్లబూట్లు అతనితోనే పంపేసింది. అలా ఎంపిక అయిపోయింది. అయిపోయిందనే అనుకుంది.

మర్నాటికి మబ్బు పల్చబడింది. తెల్లారితే పరీక్ష. ఎడమ చీలమండ ఎముక దగ్గర మాత్రం బూడిదరంగు బూటు కరుస్తోంది. ఊరికే కాదు, ఎముకలోకి మేకు దిగినట్టు. జబీనా కుంటడం హాజిరా చూసింది. కూతురు పాల కోసం బయటికి వెళ్ళగానే ఆ తల్లికి తెలిసిన వైద్యం చేసింది. బిగుసుకున్న తోలుచెప్పుకు ఆ ఇళ్ళలో ఏం చేస్తారో అదే. చిన్న కాంగ్రీలో నిప్పులు సర్ది, బూడిద కప్పి, ఎడమ బూటు నోట్లో దించి, పైన దుప్పటి కప్పింది.

జబీనా తిరిగొచ్చేసరికి ఇంటినిండా కాలిన జిగురు వాసన.

"మోజీ! ఏం చేశావ్!"

"వదులవుతుందని..."

"అది తోలు కాదు మోజీ! అంతా అతికించిన బూటు! అడుగు ఊడొస్తే రేపు నేను ఏం వేసుకోను? నల్లది కూడా ఇచ్చేశా!"

దుప్పటి లాగి, కాంగ్రీ తీసి, లోబూటును పెరికి బయటికి తీసింది. హాజిరా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మేజోళ్ళు వద్దన్నప్పుడు లేని బాధ ఇప్పుడు ఆమె మొహంలో ఉంది. జబీనా అడుగు నొక్కి చూసింది. అంటుకునే ఉంది. అతుకుల దగ్గర వేలితో వెతికింది. ఎక్కడా ఊడలేదు. మరి వాసన? దుప్పటి అంచు మాడింది, అంతే. కొంత వాసన లోబూటుది. ఆమె లోబూటును పిసికింది. పిసికి, తల ఎత్తింది.

"మోజీ, ఇది చూడు. గిర్దా రొట్టె పిండిలా ఉంది."

లోపలి మెత్త అంతా వేడికి ఉబ్బి, మెత్తబడి, వేలు పెట్టిన చోట గుంట పడుతోంది. జబీనా ఒక్క క్షణం దాన్ని చూసింది. అరవడం మర్చిపోయింది. లోబూటును బూటులో దూర్చి, పల్చటి మేజోడు వేసుకుని, వేడి మీదే కాలు దోపి, బిగించి, మోకాళ్ళు వంచి నిలబడింది.

"కాలుతుందే!"

"కాలట్లేదు. ఉండు. వేడి ఆరేదాకా కదలకూడదేమో."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలే. పిండి చల్లారితే ఏ గిన్నెలో ఉంటే ఆ ఆకారం వస్తదిగా?"

వంగిన మోకాళ్ళు వణికే దాకా అలాగే ఉంది. బూటు చల్లారాక నడిచింది. గదికి అటు నించి ఇటు. కుంటకుండా. ఎముక కోసం లోపల ఎవరో చెయ్యి పెట్టి గూడు తొలిచినట్టుంది. మడమ మాత్రం ముందుకంటే గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు ఎడమ కాలు రాజభోగంలో ఉంది, కుడికాలు జైల్లో ఉంది. రెండు కాళ్ళు రెండు రకాలుగా ఉంటే పలక పక్కకు లాగుతుంది. రెండోదానికీ చెయ్యాలి. కానీ మొదటిది తెలియక జరిగింది, రెండోది తెలిసి చెయ్యాలి. ఎక్కువ వేడయితే పాడయిపోతుంది. ఎంత వేడి?

"అది నాకొదిలెయ్," అంది హాజిరా. గోడ వదిలి ముందుకొచ్చింది. కుడి లోబూటు తీసుకుని, కాంగ్రీ బూడిదను గరిటెతో పొరపొరగా తిప్పి, తన వదులు అంగీ, ఫెరన్ లోపల నిప్పులకు పైన దాన్ని పట్టుకుని కూచుంది. పుట్టినప్పటినించీ ఆ నిప్పును ఒంటికి ఆనించుకు తిరిగిన మనిషి. నడుమ నడుమ మోచేతి లోపలి వైపు దానికి ఆనించి చూసింది. "పసిపిల్లకి నీళ్ళు పోసేంత వేడి దాటింది. ఇంకొంచెం. ఊఁ... ఇప్పుడు తొడుగు."

అది కూడా కుదిరింది.

తెల్లారి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. తీగ మీద కొండెక్కే గండోలా డబ్బాలో సుభాన్ కాకా, తౌసీఫ్, జబీనా, అడ్డంగా మంచుబండి. సుభాన్ కాకా ఫెరన్ కింద కాంగ్రీ దాచుకున్నాడు. పైన దిగాక తౌసీఫ్ లాక్కున్నాడు.

"ఇదేంటి కాకా?"

"అంతసేపు కదలకుండా పడుకోవాలి. నడుం పట్టేస్తది రా."

"నిప్పులు పెట్టుకుని దొర్లారనుకో, కింద జనాజా బదులు కబాబ్ చేసుకోవాలి మేము."

తిట్టుకుంటూ పడుకున్నాడు. తౌసీఫ్ పట్టీలు బిగించాడు. కాకా తల కొండవైపు, కాళ్ళు లోయవైపు. జబీనా బండి ముందుకొచ్చి, రెండు పిడుల నడుమ నిలబడి, పలకను వాలుకు అడ్డం పెట్టింది. మొహం లోయకు, వీపు బండికి. మడమల మీద ఒరిగి జారాలి. ఆ బరువంతా ఆమె పిక్కల మీదుగా బూట్ల వెనకగోడ మీదకు, అక్కడినించి పలక అంచు మీదకు పోవాలి. దారిలో ఎక్కడ మెత్తదనం ఉన్నా బండి ఆమెను తొక్కుకుంటూ పోతుంది.

తౌసీఫ్ స్కీల మీద పక్కగా నిలబడ్డాడు. "బిస్మిల్లా," అన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు.

మొదట పిండిమంచు. బండి పడవలా తేలింది. వెనకనించి మాటలు ఆగలేదు.

"ఎడమకి పిల్లా! ఎడమ! నీ కుడి కాదు, నా ఎడమ!"

"రోగులు మాట్లాడరు కాకా!"

"కాలు విరిగితే నోరు పడిపోద్దా?"

కనుమ ఇరుకు దగ్గరికి వచ్చేసరికి మంచు రంగు మారింది. రాత్రంతా గాలి కొట్టి పైమంచు ఊడ్చేసింది. కింద మిగిలింది గాజుపెచ్చు. పలక అంచు దాన్ని తాకగానే కర్రని రంపం కోసినట్టు చప్పుడు. బండి బరువు ఒక్కసారిగా ఆమె వీపుకు తెలిసింది. ఇంతకుముందు పాత బూట్లలో ఇలాంటి చోట ఏమయ్యేదో ఆమెకు బాగా తెలుసు. పిక్క వెనక్కి ఒరిగేది, బూటు మడతపడేది, మడమ లోపల లేచేది, అంచు వదిలేసేది. ఇప్పుడు ఒరిగింది. గోడ దొరికింది. ఆనుకుంది. పట్టింది.

పట్టింది గానీ ఊరుకోలేదు. మెత్తటి బూటు మంచు సంగతులు సగం దాచిపెడుతుంది. ఇది ఒక్కటీ దాచదు. పెచ్చు మీద ప్రతి గీతా, ప్రతి బొడిపా మోకాలి చిప్పలోకి సూటిగా వచ్చి చెబుతోంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇరుకు మధ్యలో బండి తోక ఒక పక్కకు తిరిగింది. పిడులు చేతులు మెలేశాయి. లోయ ఒక్కసారిగా పెద్దదై కనబడింది. జబీనాకు భయం వేసింది.

భయం వేసిన మనిషి నిటారుగా లేస్తాడు. కింది వాలులో యాత్రికులంతా చేసేది అదే. ఆమె ఒళ్ళు కూడా అదే చేసింది. మోకాళ్ళు తెలియకుండానే చాచుకున్నాయి. వెంటనే పది వేళ్ళూ బూటు ముందు గోడకు కొట్టుకున్నాయి. నొప్పి కంట్లోకి వచ్చింది. ఆ నొప్పే చెప్పింది, లేచావు అని. నల్లబూటు అయితే చెప్పేది కాదు. అందులో వేళ్ళ ముందు వేలెడు ఖాళీ, ఉన్ని, మర్యాద ఉన్నాయి. నిటారుగా నిలబడినా ఏమీ అనకుండా లోయలోకి పంపేది.

జబీనా మోకాళ్ళు వంచింది. వేళ్ళు గోడ వదిలాయి. మడమలు గూట్లో కూచున్నాయి. బూట్లు ముందుకు కొంచెం వంగి, ఆగి, ఆమె కాళ్ళను వెనక్కి తోశాయి. ఆ తోపుతో పాటే ఒరిగి, కుడి పిడిని కిందకి నొక్కింది. బండి తోక గీరుకుంటూ, గీరుకుంటూ తన వరసలోకి వచ్చింది. రంపం చప్పుడు ఒక్కటే, తెగకుండా, ఇరుకు చివరిదాకా.

వెనక మాటలు ఎప్పుడు ఆగిపోయాయో ఆమెకు తెలియలేదు.

ఇరుకు దాటి దేవదారు చెట్ల దగ్గర ఆపింది. చేతులు పిడుల మీదినించి ఊడిరావడం లేదు. తౌసీఫ్ వచ్చి ఒక్కో వేలూ విప్పాల్సొచ్చింది. తర్వాత అతను కాకాను కట్టిన పట్టీలు విప్పాడు. సుభాన్ కాకా లేచి కూచుని, గడ్డం మీది మంచు దులుపుకుని, కొండ మీదకి చూశాడు. గాజుపెచ్చు మీద ఒకే గీత, ఒకచోట కొంచెం వంకరపోయి, మళ్ళీ సరిగ్గా.

"అక్కడ లేచావు నువ్వు," అన్నాడు.

"లేచాను కాకా."

"దారంతా నా కళ్ళముందు నీ మడమలే. ఇంకేం చూడను, కట్టేశారుగా. బూటు లోపల కాలు కదిలితే బయటికి తెలుస్తది. లేచినచోట కూడా మడమ కదల్లేదు." ఆయన వంగి బూటు మీద వేలితో కొట్టాడు, కుమ్మరి కుండను కొట్టి చూసినట్టు. "ఇది సమావార్ పారబోసిన జతేగా? తౌసీఫ్ ఊరంతా చెప్పాడు."

"అదే."

"మరి ఇదెందుకు తీసుకున్నావ్?"

జబీనా చెప్పడం మొదలెట్టింది. చూరు, బ్యాటు, మసి, గరిటె, కాంగ్రీ. సగంలో ఆయన చెయ్యెత్తాడు.

"ఆగు. గాలి మారకముందు ఇంకోసారి పైకెక్కాలి. డబ్బాలో చెబుదువుగాని, మొదటినించీ." ఆయన బండి జారిపోకుండా వెనకనించి ఆపే తాడు విప్పి, చివర తన మణికట్టుకు చుట్టుకున్నాడు. "ఈసారి వెనక తాడు నేను పట్టుకుంటా."

తౌసీఫ్ ఈల వేశాడు. దళంలో వెనక తాడు దళం మనిషి వెనకే పట్టుకుంటారు. బయటివాళ్ళ వెనక పట్టరు.

జబీనా పలక చంకన పెట్టుకుని గండోలా వైపు నడిచింది. నిలబడి నడుస్తుంటే వేళ్ళు నొప్పెడుతూనే ఉన్నాయి.